లెక్కలో లేని మనిషి



ఈ పూట మీతో ఒక నవల గురించి మాట్లాడతాను. పేరు ‘నేరము–శిక్ష’. రాసినవాడు రష్యన్ రచయిత ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ. 1866లో ఒక మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. గోర్కీ ‘అమ్మ’ మన తెలుగువాళ్ళు చాలామంది చదివారు. టాల్‌స్టాయ్ చిన్న కథలు పిల్లలకి చెప్పారు. ఈ నవల దగ్గరికొచ్చేసరికి మాత్రం తటపటాయిస్తారు. లావుపాటి పుస్తకం. నోరు తిరగని పేర్లు. పైగా హత్య, పేదరికం, జ్వరం, పీడకలలు. మనసు పాడైపోతుందండీ అంటారు. నిజమే. ఇది మనసుని కుదురుగా ఉండనిచ్చే పుస్తకం కాదు. అయినా సరే, చదవమనే చెప్తాను. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

ముందు కథ క్లుప్తంగా వినండి. పీటర్స్‌బర్గ్ నగరం. జూలై నెల. ఉక్కపోత. రస్కోల్నికోవ్ అనే కుర్రవాడు. వయసు 23. లా చదువుతూ డబ్బుల్లేక మానేశాడు. ఐదంతస్తుల ఇంట్లో, పైకప్పు కింద, ఆరడుగులు వేస్తే గోడ తగిలేంత గది. ఇంటావిడకి అద్దె బాకీ. ఎక్కడో ఊళ్ళో తల్లి, చెల్లెలు ఇతని మీదే ఆశలు పెట్టుకుని ఉన్నారు. కొంచెం దూరంలో అల్యోనా ఇవానోవ్నా అనే ముసలామె ఉంటుంది. వస్తువులు తాకట్టు పెట్టుకుని వడ్డీకి అప్పులిస్తుంది. జాలీ దయా లేని మనిషి. ఈ కుర్రవాడు ఆమెని గొడ్డలితో చంపుతాడు.

ఎందుకు చంపాడు? అతని దగ్గర ఒక లెక్క ఉంది. ఈ ముసలామె ఎవరికీ పనికిరాదు. పైగా అందరినీ పీడిస్తోంది. ఆమె డబ్బుతో ఎంతోమంది బతుకులు బాగుపడతాయి. ఒక ప్రాణం అటు, వంద ప్రాణాలు ఇటు. ఇంకో లెక్క కూడా ఉంది. మామూలు మనుషులు వేరు, నెపోలియన్ లాంటి మనుషులు వేరు. అలాంటివాళ్ళకి అడ్డొచ్చిన గీత దాటే హక్కు ఉంటుంది. మరి నేను ఏ కోవలో వాణ్ణి? ఇదీ అతని ప్రశ్న. ఈ నవల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఎక్కువగా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. ఆ హక్కు ఉందా, లేదా? ఆ ముసలామె బతికి ఎవరికి లాభం?

నా మనసు ఆ చర్చలో నిలవదు. ఎందుకంటే ఆ సాయంత్రం ఆ ఇంట్లో పోయిన ప్రాణాలు రెండు. రెండో మనిషి పేరు లిజవేత. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. లిజవేత. నేను చెప్పే మిగతా పేర్లు మర్చిపోయినా ఫరవాలేదు.

లిజవేత ఆ ముసలామెకి సవతి చెల్లెలు. వయసు 35. మనిషి పొడుగ్గా, కాస్త మొరటుగా కనిపిస్తుంది. కానీ మహా భయస్తురాలు. అక్క ఇంట్లో చాకిరీ అంతా ఆమెదే. బయట కుట్టుపని చేసి తెచ్చిన డబ్బులు కూడా అక్క చేతికే పోతాయి. అక్క కొడుతుంది కూడా. అక్క రాసిన వీలునామాలో డబ్బంతా మఠానికి. చెల్లెలికి కుర్చీలూ సామానూ తప్ప ఏమీ లేదు. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. అయినా నోరెత్తదు. ఆమెకి ఇంకో పని కూడా ఉంది. బతికి చెడినవాళ్ళ బట్టలూ సామానూ అమ్మిపెడుతుంది. జనం ఆమెనే వెతుక్కుంటూ వస్తారు. ఎందుకంటే ధర విషయంలో అబద్ధమాడదు. ఒకటే మాట చెప్తుంది. ఆ మాట మీదే నిలబడుతుంది.

ఇప్పుడు ఒక సంగతి వినండి. హత్యకి నెలన్నర ముందు రస్కోల్నికోవ్ ఒక చవక హోటల్లో టీ తాగుతూ కూర్చుంటాడు. పక్క బల్ల దగ్గర ఒక విద్యార్థి, ఒక ఆఫీసరు మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ వడ్డీల ముసలామెని చంపేసి, ఆ డబ్బు మంచి పనులకి పెడితే తప్పేముంది అంటాడు విద్యార్థి. ఇతని బుర్రలో అప్పుడే మొలకెత్తుతున్న ఆలోచన కూడా సరిగ్గా అదే. పాఠకులకి ఆ లెక్కే గుర్తుండిపోతుంది. కానీ దానికి ముందు ఆ విద్యార్థి ఎవరి గురించి మాట్లాడాడో తెలుసా? లిజవేత గురించి. అక్క ఆమెని ఎలా అణగదొక్కుతుందో చెప్పాడు. ఎంత మెత్తని మనిషో చెప్పాడు. ఆమె నవ్వు చాలా బాగుంటుందని కూడా చెప్పాడు. ముసలామె దుర్మార్గురాలు అనడానికి సాక్ష్యం లిజవేతే. లెక్క మొదలైంది ఆమె పేరుతో. లెక్క పూర్తయ్యేసరికి ఆమె అందులో లేదు.

హత్య ముందురోజు కూడా అంతే. సెన్నయా అని అక్కడ ఒక సంత మైదానం ఉంది. రాత్రి తొమ్మిదింటి వేళ లిజవేత అక్కడ ఒక వ్యాపారితో, అతని భార్యతో మాట్లాడుతూ ఉంటుంది. రేపు ఏడింటికి మా ఇంటికి రా, ఒక బేరం ఉంది అంటారు వాళ్ళు. కాసేపు తటపటాయించి సరేనంటుంది. అటుగా పోతున్న రస్కోల్నికోవ్ చెవిన పడుతుంది. అంటే రేపు ఏడింటికి ముసలామె ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాడికి ఆ క్షణంతో ఊగిసలాట ఆగిపోతుంది. దారి చూపించింది కూడా లిజవేతే. పాపం, ఆమెకి తెలియదు.

మర్నాడు కోటు లోపల గొడ్డలి తగిలించుకోవడానికి ఒక గుడ్డ ఉచ్చు కుట్టుకుంటాడు. తన ఇంటి నుంచి ముసలామె ఇంటికి 730 అడుగులు. అదీ ముందే కొలుచుకున్నాడు. వెళ్ళాడు. ముసలామెని చంపాడు. లోపల పెట్టె వెతుకుతున్నాడు. ముందుగదిలో అడుగుల చప్పుడు. వచ్చి చూస్తే, లిజవేత. చేతిలో పెద్ద మూట. నేల మీద అక్క శవం. ఆమె అరవలేదు. గొడ్డలి పైకి లేచినప్పుడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా ఆమెకి తోచలేదు. ఎడమచెయ్యి కొంచెం ముందుకు చాపింది. అంతే. జీవితమంతా దెబ్బలు తిన్న మనిషి. దెబ్బని ఆపుకోవచ్చన్న ఊహే ఆమెకి రాలేదు.

ఇక్కడికొచ్చేసరికి నాకు పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోవాలనిపిస్తుంది. ముసలామెని చంపడానికి అతని దగ్గర సవాలక్ష కారణాలున్నాయి. లిజవేతని చంపడానికి ఏ కారణముంది? ఆమె ఎవరిని పీడించింది? ఎవరి డబ్బు దాచింది? ఆమె చూసింది. అదొక్కటే. నెపోలియన్లు అక్కర్లేదు, వంద బతుకుల లెక్క అక్కర్లేదు. దొరికిపోతానన్న భయం చాలు. అంత పెద్ద సిద్ధాంతం ఆ గదిలోనే కూలిపోయింది.

ఆరు భాగాల నవల ఇది. చివర ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. మిగతాదంతా అతను తనతో తాను పడే పెనుగులాట. అందులో ముసలామె ఎన్నిసార్లు వస్తుందో! కలలో కూడా వస్తుంది. గొడ్డలితో ఎంత కొట్టినా చావకుండా నవ్వుతూ ఉంటుంది. ఆ కలలో లిజవేత లేదు. నేను ఆమెని అసలు తలుచుకోవడమే లేదేమిటి, ఆమెని చంపనే చంపనట్టు ఉన్నానేమిటి అని ఒకచోట అతనికే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఆశ్చర్యం కూడా ఎంతోసేపు ఉండదు.

ఇంకో సన్నివేశం చెప్తాను. హత్య తర్వాత అతను జ్వరంతో పడుకుని ఉంటాడు. పక్కనే స్నేహితుడు, డాక్టరు ఆ హత్య గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. గుమ్మం దగ్గర పనిమనిషి నస్తాస్యా నిలబడి ఉంటుంది. లిజవేతని కూడా చంపేశారు కదా అంటుంది. ఏ లిజవేత అంటే, పాతబట్టలు అమ్మే మనిషి, ఈ ఇంటికీ వచ్చేది, నీ చొక్కా కూడా ఒకటి బాగుచేసింది అంటుంది. రస్కోల్నికోవ్ గోడవైపు తిరిగిపోతాడు. గోడకి అంటించిన కాగితం మీద ఒక పువ్వు బొమ్మ ఉంటుంది. ఆ పువ్వుకి ఎన్ని రేకులున్నాయో చూస్తూ ఉండిపోతాడు.

శ్రోతలారా, నన్ను ఈ నవలలో అన్నిటికంటే భయపెట్టిన చోటు ఇదే. రక్తం ఉన్న పేజీలు కూడా ఇంత భయపెట్టవు. తన చొక్కా కుట్టిన చెయ్యి అది. గొడ్డలి కింద ముందుకు చాపింది కూడా ఆ చెయ్యే. రచయిత ఈ ముక్కని ఎక్కడా వివరించడు. పనిమనిషి నోట ఒక్క మాట అనిపించి ముందుకు వెళ్ళిపోతాడు.

దీన్నుంచి నేను పట్టుకున్న విషయం ఒక్కటే. తప్పు చేసిన మనిషి తన తప్పు గురించి ఎంతసేపైనా వాదించుకుంటాడు. కానీ వాదించడానికి వీలున్న చోటే వాదిస్తాడు. వాదనకి తావే లేని చోటికి వెళ్ళడు. మళ్ళీ చెప్తున్నాను. వాదించడానికి వీలున్న చోటే వాదిస్తాడు. వీల్లేని చోట గోడవైపు తిరిగిపోతాడు.

ఇది మన ఇళ్ళల్లో జరగని పనేమీ కాదు. ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. వాళ్ళ మేనత్త చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఈ ఇద్దరినీ చంకనెత్తుకుని పెంచింది. వంటింటి పక్క చిన్నగది ఆమెది. కొన్నాళ్ళకి పంపకాలొచ్చాయి. ఇల్లు అమ్మేశారు. అన్నది ఒక న్యాయం. నాన్న చేసిన అప్పులు నేను తీర్చాను కదా అంటాడు. తమ్ముడిది ఇంకో న్యాయం. ఊళ్ళో ఉండి పొలం చూసుకున్నది నేను కదా అంటాడు. పెద్దమనుషుల ముందు వాదించారు. కోర్టుకెక్కారు. పెళ్ళి భోజనాల దగ్గరా అదే వాదన, దినం భోజనాల దగ్గరా అదే వాదన. ఇద్దరూ నిజంగా నమ్మే వాదిస్తారు. రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టదు. కానీ ఇన్నేళ్ళ వాదనలో ఒక పేరు ఇద్దరి నోటా రాలేదు. మేనత్త పేరు. ఇల్లు అమ్మిన రోజు ఆమె తన ట్రంకుపెట్టె పట్టుకుని ఎక్కడికి వెళ్ళింది? దానికి అన్న దగ్గర జవాబు లేదు. తమ్ముడి దగ్గరా లేదు. అందుకే ఆ ప్రశ్న రానివ్వరు. వాళ్ళ వాదన ఎంత గట్టిగా సాగితే ఆమె అంత దూరం జరిగిపోతుంది.

మళ్ళీ నవలలోకి వెళ్దాం. సోన్యా అనే అమ్మాయి ఉంది. తాగుబోతు గుమస్తా మార్మెలాదోవ్ కూతురు. ఇంట్లో క్షయతో సవతితల్లి, ఆకలితో చిన్నపిల్లలు. వాళ్ళకి తిండిపెట్టడానికి ఒళ్ళమ్ముకుని బతుకుతోంది. రస్కోల్నికోవ్ ఒక రాత్రి ఆమె గదికి వెళ్తాడు. సొరుగుల బల్ల మీద కొత్త నిబంధన పుస్తకం ఉంటుంది. ఎవరిచ్చారని అడుగుతాడు. లిజవేత తెచ్చిచ్చింది అంటుంది. సోన్యా, లిజవేత స్నేహితులు. కలిసి ఆ పుస్తకం చదువుకునేవాళ్ళు. చచ్చిపోయి మళ్ళీ లేచిన లాజరు కథ చదవమంటాడు. సోన్యా వణికే గొంతుతో చదువుతుంది. వెళ్ళేముందు అతను ఒక మాట అంటాడు. రేపు నేను వస్తే, లిజవేతని ఎవరు చంపారో నీకు చెప్తాను.

గమనించారా? ముసలామెని ఎవరు చంపారో చెప్తాననలేదు. లిజవేతని అన్నాడు. ఇన్నాళ్ళూ దాటేసిన పేరు, నిజం చెప్పాల్సి వచ్చేసరికి అదే నోట్లోంచి వచ్చింది. ముసలామె గురించి మొదలుపెడితే అది మళ్ళీ వాదనలోకే పోతుంది. లిజవేత పేరెత్తితే వాదన లేదు. నిజం ఒక్కటే ఉంది.

మర్నాడు వస్తాడు. కానీ నోరు పెగలదు. నా మొహంలోకి సరిగ్గా చూడు అంటాడు. సోన్యా చూస్తుంది. అర్థమవుతుంది. ఎడమచెయ్యి చాపి అతన్ని కొంచెం అవతలికి నెడుతూ వెనక్కి జరుగుతుంది. ఆ క్షణంలో అతనికి సోన్యా మొహంలో లిజవేత మొహం కనిపిస్తుంది. అదే భయం. అదే చెయ్యి. ఆ తర్వాత మళ్ళీ కారణాలు వరద కడతాయి. అమ్మ కోసం అంటాడు. నెపోలియన్‌లా కావాలని అంటాడు. నా కోసమే అంటాడు. సోన్యాకి ఆ కారణాలు పట్టవు. వీధుల కూడలికి వెళ్ళు, నేలని ముద్దుపెట్టుకో, నాలుగు దిక్కులకీ వంగి నమస్కరించు, చంపాను అని అందరికీ వినపడేలా చెప్పు అంటుంది. ఎందుకు చంపావో చెప్పమనదు. చంపాను అని చెప్పమంటుంది.

చివరికి అతను ఆ సంత మైదానానికే వెళ్తాడు. మోకాళ్ళ మీద పడి నేలని ముద్దుపెట్టుకుంటాడు. జనం తాగాడనుకుని నవ్వుతారు. నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది. పోలీసు స్టేషన్‌కి వెళ్తాడు. అక్కడా చెప్పలేక తిరిగి వచ్చేస్తాడు. గుమ్మం బయట సోన్యా నిలబడి ఉంటుంది. ఆమెని చూసి మళ్ళీ మెట్లెక్కుతాడు. అప్పుడు చెప్తాడు. ముసలామెని చంపానని, ఆమె చెల్లెలు లిజవేతని చంపానని, గొడ్డలితో చంపానని, దోచుకున్నానని. అంతే. ఇద్దరి లెక్కా చెప్పాడు. ఆ మాటలో నెపోలియన్ లేడు. తల్లి లేదు. ఎందుకంటే అనే మాటే లేదు.

నేను ఈ పుస్తకం నుంచి తెచ్చుకుని వాడుకునేది ఇదే. చేసింది చెప్పాలి. కారణం తర్వాత. చాలాసార్లు కారణం అసలు అక్కర్లేదు. ఇందాకటి అన్నగారు ఒకరోజు మేనత్త దగ్గరికి వెళ్ళాడనుకోండి. అత్తా, అప్పుడు పరిస్థితులు అలా ఉన్నాయి, తమ్ముడు మాట వినలేదు, అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు అని మొదలుపెడితే, ఆమె ఏం చెయ్యాలి? పోనీలే నాయనా అని అతన్నే ఓదార్చాలి. దెబ్బ తిన్నది ఆమె. ఓదార్పు అతనికి. అలా కాకుండా, అత్తా, నీ గది అమ్మేశాను, నువ్వెక్కడుంటావో అడగలేదు అంటే? రెండే మాటలు. ఇప్పుడు ఆమె తిట్టొచ్చు. ఏడవొచ్చు. తలుపు వేసేసుకోవచ్చు. ఏం చేసినా అది ఆమె ఇష్టం. ఇన్నేళ్ళకి ఆమెకి మాట్లాడే వీలు దొరికింది.

దోస్తోయెవ్‌స్కీకి ఇవన్నీ ఊహలు కావు. 1849లో ప్రభుత్వానికి గిట్టని ఒక చర్చాబృందంలో ఉన్నందుకు అరెస్టయ్యాడు. మరణశిక్ష అన్నారు. డిసెంబరు 22న మైదానంలో నిలబెట్టారు. తుపాకులు ఎత్తాక శిక్ష మార్చామన్నారు. తర్వాత నాలుగేళ్ళు సైబీరియాలో, ఓమ్‌స్క్ జైల్లో, హంతకుల మధ్య బతికాడు. అన్నేళ్ళలో వాళ్ళలో పశ్చాత్తాపం ఛాయలు తనకి కనిపించలేదని తర్వాత రాశాడు. అందుకే ఈ నవల ఉపసంహారం నాకు నమ్మకంగా అనిపిస్తుంది. రస్కోల్నికోవ్‌కి ఎనిమిదేళ్ళ సైబీరియా శిక్ష పడుతుంది. జైల్లో చాలాకాలం అతనికి పశ్చాత్తాపం రాదు. ఓడిపోయానన్న సిగ్గే ఉంటుంది. చిట్టచివరి పేజీల్లో వచ్చే మార్పు మాత్రం కొంచెం తొందరగా వచ్చేసిందనిపిస్తుంది. ఆ మాట చాలామంది విమర్శకులూ అన్నారు. కానీ ఆ పేజీల్లో అతని దిండు కింద ఏ పుస్తకం ఉందో చూడండి. సోన్యా లాజరు కథ చదివిన పుస్తకమే. లిజవేత తెచ్చిచ్చిన పుస్తకం.

ఇంకొక్క సంగతి. ఈ నవలని ఆయన మొదట హంతకుడే తన కథ చెప్పుకుంటున్నట్టు రాశాడు. 1865 చివర్లో ఆ రాతని తగలబెట్టి, బయటి నుంచి చూసి చెప్పేవాడి గొంతుతో మళ్ళీ మొదలుపెట్టాడు. అది ఎంత మంచి పనో నాకు ఇప్పుడు తెలుస్తోంది. రస్కోల్నికోవే కథ చెప్పి ఉంటే గోడమీద పువ్వు గురించి చెప్పేవాడా? చొక్కా గురించి చెప్పేవాడా? తన సిద్ధాంతమే చెప్పుకుంటూ పోయేవాడు.

కాబట్టి, పుస్తకం దొరికితే ఇలా చదవండి. మొదటి భాగం ఏడు అధ్యాయాలు. వీలైనంత వరకు ఆగకుండా చదివెయ్యండి. పేర్లకి భయపడకండి. రస్కోల్నికోవ్ అన్నా, రోద్యా అన్నా, రోదియాన్ రొమానోవిచ్ అన్నా ఒక్కడే. రెండో భాగం నుంచి చేతిలో పెన్సిల్ పెట్టుకోండి. లిజవేత పేరు కనిపించిన ప్రతిచోటా చిన్న గీత పెట్టండి. చాలా పేజీలు గీత లేకుండానే పోతాయి. ఆ గీత లేని పేజీల్లో అతను ఏం మాట్లాడుతున్నాడో కాస్త ఆగి చూడండి.